పాత జపాన్ స్పోర్ట్స్ కార్ల తొలి నంబర్లు: 240జెడ్ ఓనర్లు, కొనాలనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

డాట్సన్ అనగానే మనవైపు చాలామందికి 2014లో వచ్చిన డాట్సన్ గో గుర్తొస్తుంది. నేను రాసేది దానికి 45 ఏళ్ళ ముందు వచ్చిన బండి గురించి. 1969 అక్టోబరులో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్‌గా, అమెరికాలో డాట్సన్ 240జెడ్‌గా జనం ముందుకొచ్చిన రెండు డోర్ల స్పోర్ట్స్ కారు అది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో ఈ బండి మీద మనసు పడ్డవాళ్ళు నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి నేను చెప్పే జవాబులే ఇవి. ఎక్కువ భాగం 240జెడ్ గురించే ఉంటుంది, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే. టయోటా 2000జీటీ, మాజ్డా కాస్మో, స్కైలైన్ జీటీ-ఆర్ గురించి అవసరమైన చోట చెప్తాను.

నా బండి నంబరు వెబ్‌సైట్‌లో కొడితే "చెల్లదు" అంటోంది. నంబరు దొంగదా?

కాదు, టెన్షన్ పడకండి. ఆ వెబ్‌సైట్లు 17 అంకెలూ అక్షరాలూ ఉన్న నంబరు కోసం చూస్తాయి. ఆ పద్ధతి అమెరికాలో 1981 మోడళ్ళ నుంచి వచ్చింది. అంతకుముందు ఏ కంపెనీ పద్ధతి దానిదే. 240జెడ్ నంబరు హెచ్‌ఎల్‌ఎస్30 అని మొదలై, ఒక గీత, ఆ తర్వాత ఐదారు అంకెలతో ముగుస్తుంది. జపాన్ లోపల అమ్మే బండ్లకు ఇప్పటికీ 17 అక్షరాల పద్ధతి లేదు. మోడల్ కోడ్, దాని వెనక వరస నంబరు, అంతే.

ముందున్న అక్షరాలకు అర్థం ఏమిటి?

ఎస్30 అనేది బాడీ పేరు. ఈ తరం జెడ్ బండ్లన్నిటికీ అదే మూలం. దాని ముందు చేరే అక్షరాలు ఇంజిన్‌నీ, స్టీరింగ్ ఏ వైపు ఉందో అనేదాన్నీ చెప్తాయి. హెచ్ అంటే 2393 సీసీ ఎల్24 ఇంజిన్. ఎల్ అంటే ఎడమవైపు స్టీరింగ్. కాబట్టి హెచ్‌ఎల్‌ఎస్30 అంటే ఎడమ స్టీరింగ్ ఉన్న 240జెడ్. ఎల్ లేకుండా హెచ్‌ఎస్30 అని ఉంటే కుడి స్టీరింగ్ ఉన్న 240జెడ్. ముందు ఏ అక్షరమూ లేకుండా ఎస్30 అని మాత్రమే ఉంటే రెండు లీటర్ల ఎల్20 ఇంజిన్‌తో జపాన్‌లో అమ్మిన ఫెయిర్‌లేడీ జెడ్. పీఎస్30 అని ఉంటే మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చోండి, అది జెడ్432. ఒక్కో సిలిండర్‌కు నాలుగు వాల్వులు, మూడు కార్బురేటర్లు, రెండు క్యామ్‌షాఫ్టులు అని ఆ పేరుకు అర్థం. స్కైలైన్ జీటీ-ఆర్‌లో పెట్టిన ఎస్20 ఇంజినే దీనిలోనూ పెట్టారు. చేసినవి సుమారు 420.

జపాన్‌లో రెండు లీటర్లకే ఎందుకు ఆగారని అడుగుతుంటారు. అక్కడ ఇంజిన్ 2000 సీసీ దాటితే పన్ను బాగా పెరిగేది. అందుకే 240జెడ్ జపాన్‌లో 1971 అక్టోబరు దాకా అమ్మకానికి రాలేదు. అంతకుముందు తయారైన హెచ్‌ఎస్30 బండ్లు ఆస్ట్రేలియా, బ్రిటన్ లాంటి కుడి స్టీరింగ్ దేశాల కోసం చేసినవి.

ఒక చిక్కు ఉంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. 1975లో 280జెడ్ వచ్చినప్పుడు నిస్సాన్ (డాట్సన్ పేరుతో ఈ బండ్లు అమ్మిన కంపెనీ ఇదే) మళ్ళీ హెచ్‌ఎల్‌ఎస్30 అనే కోడ్‌నే వాడింది. ఈసారి హెచ్ అంటే ఎల్28 ఇంజిన్. వరస 200001 నుంచి మొదలైంది. కాబట్టి హెచ్‌ఎల్‌ఎస్30 కనబడగానే 240జెడ్ అనుకోవద్దు, వెనకున్న అంకె కూడా చూడండి. మధ్యలో వచ్చిన 260జెడ్‌కు ఆర్‌ఎల్‌ఎస్30 అని ఉంటుంది.

ఈ అక్షరాల పట్టిక మిగతా నిస్సాన్ బండ్లకు కూడా పనికొస్తుందా?

కొంతవరకే. ఎస్20 ఇంజిన్‌కు పీ అనే గుర్తు జెడ్432లోనూ ఉంది, స్కైలైన్ జీటీ-ఆర్ పీజీసీ10లోనూ ఉంది. అది చూసి అన్ని అక్షరాలూ ఇలాగే అనుకుంటే బోల్తా పడతాం. 1967 నాటి ఫెయిర్‌లేడీ 2000 రోడ్‌స్టర్ కోడ్ ఎస్‌ఆర్311. అందులో ఆర్ అంటే యూ20 ఇంజిన్. 260జెడ్‌లో ఆర్ అంటే ఎల్26. ఏ మోడల్ పట్టిక ఆ మోడల్‌కే.

నంబరు బండిలో ఎక్కడెక్కడ ఉంటుంది?

అమెరికాకు వచ్చిన 240జెడ్‌లో నాలుగు చోట్ల చూడాలి.

మొదటిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇంజిన్ వెనకున్న ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే గోడ) రేకు మీద నేరుగా కొట్టిన అచ్చు. ఇది పలక కాదు, బండి ఒంట్లోనే ఉన్న నంబరు. రెండోది బానెట్ కింద స్ట్రట్ టవర్ (ముందు చక్రం సస్పెన్షన్ పై కొన బిగించే చోటు) దగ్గర ఉండే చిన్న లోహపు పలక. దాని మీద ఇంజిన్ సామర్థ్యం 2393 సీసీ, వీల్‌బేస్ 2305 మి.మీ., ఇంజిన్ నంబరు, కారు నంబరు అన్నీ ఉంటాయి. మూడోది డ్యాష్‌బోర్డు మీద అద్దంలోంచి బయటికి కనబడే పలక. 1969 నుంచి అమెరికా నిబంధనల వల్ల అలా పెట్టాల్సి వచ్చింది. నాలుగోది డ్రైవర్ డోర్ దగ్గర పిల్లర్ మీద ఉండే పలక. తయారైన నెల, సంవత్సరం దీని మీద ఉంటాయి.

ఇవి కాక ఇంజిన్ బ్లాక్ కుడివైపు, సిలిండర్ హెడ్‌కి (బ్లాక్ పైన కూర్చునే భాగం) కాస్త కింద, ఎల్24 అని మొదలయ్యే ఇంజిన్ నంబరు కొట్టి ఉంటుంది. జిడ్డు, తుప్పు పేరుకుని కనబడకపోతే కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడవండి. వైర్ బ్రష్ వద్దు. అచ్చు లోతు తక్కువగా ఉన్న చోట అంచులు అరిగిపోతాయి.

మన ఊళ్ళో బండి పేరు మార్పించుకునేటప్పుడు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆర్‌టీఓ ఆఫీసుకు తీసుకెళ్ళడం గుర్తుందా? మా నాన్న అంబాసిడర్‌కి నేనే చేశాను. ఇక్కడా అదే పని చేయండి. ఫోటోలో వెలుగు పడే తీరును బట్టి 3, 8లా కనబడొచ్చు. పెన్సిల్ అచ్చులో అంకె ఆకారం, అంకెల మధ్య దూరం, వంపు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. తర్వాత ఇంకో బండి అచ్చుతో పక్కపక్కన పెట్టి చూడటానికి అంతకన్నా మంచి సాధనం లేదు.

"మ్యాచింగ్ నంబర్స్" అంటే ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఒకటే ఉండాలా?

ఉండకూడదు, ఉండవు కూడా. ఛాసిస్‌కు ఒక వరస, ఇంజిన్‌కు ఇంకో వరస. ఏ ఇంజిన్ ఏ బండికి వెళ్ళిందో చెప్పేది బానెట్ కింద పలక ఒక్కటే. ఆ పలక మీద ఉన్న ఇంజిన్ నంబరు, బ్లాక్ మీద కొట్టిన నంబరు ఒకటే అయితే ఆ బండిది మ్యాచింగ్. పలక పోతే ఆ జత కట్టే సాక్ష్యమే పోతుంది. అందుకే పెయింటింగ్‌కి ఇచ్చేముందు ఆ పలకను అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోమని అందరికీ చెప్తుంటాను.

నిస్సాన్‌కి రాస్తే నా బండి తయారీ రికార్డు ఇస్తుందా?

బ్రిటిష్ బండ్ల వాళ్ళు అదృష్టవంతులు. ఎంజీ, ట్రయంఫ్ లాంటి వాటికి గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఫ్యాక్టరీ లెడ్జర్లో ఉన్న తేదీ, రంగు, ఏ దేశానికి పంపారో అందులో వస్తాయి. 240జెడ్‌కు ఓనరు డబ్బు కట్టి తెప్పించుకునే అలాంటి కాగితం లేదు. ఉన్న జ్ఞానమంతా ఓనర్లు ఒక్కొక్కరే తమ బండి పలకల ఫోటోలు, నంబర్లు, తేదీలు ఒకచోట చేర్చి కట్టుకున్నది. ఇల్లిల్లూ తిరిగి జనాభా లెక్కలు రాసినట్టు కట్టిన చిట్టా అది. దానిలో మీ బండి వివరం చేరిస్తే ఇంకొకరి బండి గురించి కూడా ఒక సంగతి తేలుతుంది.

ఫ్యాక్టరీ వైపు నుంచి దొరికేవి పార్ట్స్ కేటలాగులు, సర్వీస్ బులెటిన్లు, బ్రోషర్లు. వీటిలో పార్ట్స్ కేటలాగును చాలామంది స్పేర్ పార్టుల కోసమే చూస్తారు. నేను దాన్ని చరిత్ర పుస్తకంలా చదువుతాను. ఏ భాగం ఎప్పుడు మారిందో "ఫలానా ఛాసిస్ నంబరు నుంచి" అని, లేదా ఫలానా నెల నుంచి అని అందులో ఉంటుంది. అలాంటి పది మార్పులు వరసగా రాసుకుంటే మీ బండి ఏ రెండు మార్పుల మధ్య పుట్టిందో తెలిసిపోతుంది.

నా బండి నంబరు 150000 దాటింది. అంటే లక్షా యాభై వేలవ బండా?

ఎక్కువ మంది అడిగేదీ, ఎక్కువ మంది తప్పుగా అనుకునేదీ ఇదే. కాదు.

నిస్సాన్ నంబర్లను ఆగకుండా ఒకే వరసలో వెయ్యలేదు. కొన్ని మార్పులు కలిపి చేసినప్పుడు ఒక గుండ్రని అంకెకు దూకి అక్కడ నుంచి కొత్త వరస మొదలుపెట్టేది. మొదటి వరస హెచ్‌ఎల్‌ఎస్30-00001తో మొదలైంది. 1971 జనవరిలో పెద్ద మార్పులతో వచ్చిన బండ్లకు 21001 నుంచి ఇచ్చారు. 1972 మోడల్‌కు 46001 నుంచి. ఆ వరస లక్ష చేరకముందే ఆగిపోయి, 1973 మోడల్ నేరుగా 120001 దగ్గర మొదలైంది. ఇన్ని వేల నంబర్లు ఏ బండికీ పడలేదన్నమాట. చివరి నంబరులోంచి మొదటి నంబరు తీసేసి "ఇన్ని తయారయ్యాయి" అని చెప్పే లెక్కలన్నీ ఇక్కడే తప్పుతాయి.

నేనూ మొదట్లో అలాగే లెక్క వేశాను. పలకల మీద నెలల్నీ నంబర్లనీ ఒక కాగితం మీద చుక్కలుగా పెట్టుకుంటూ పోతే మధ్యలో పెద్ద ఖాళీ కనబడింది. ఏవో బండ్లు నా చిట్టాలోకి రాలేదేమో అనుకున్నాను. తర్వాత కేటలాగులో 120001 చూశాక అర్థమైంది, ఆ ఖాళీలో అసలు బండ్లే లేవని.

నంబరు చిన్నదైతే ముందు తయారైనట్టేనా?

మొత్తం మీద అవును, పక్కపక్క నంబర్ల విషయంలో మాత్రం కాదు. నంబరు బాడీకి పడుతుంది. పెయింటు, ఇంజిన్ బిగింపు, చివరి తనిఖీ అన్నీ అయ్యి బయటికి రావడానికి ఒక్కో బండికి ఒక్కో సమయం పడుతుంది. కాబట్టి పెద్ద నంబరున్న బండి పలక మీద ముందు నెల, చిన్న నంబరున్న బండి పలక మీద తర్వాతి నెల ఉంటే కంగారు పడొద్దు. ఒకటి రెండు నెలల తేడా మామూలే. ఏడాది తేడా ఉంటే మాత్రం పలక మార్చారా అని అడగాల్సిందే.

ఈ బండ్లు కనగావా రాష్ట్రం హిరత్సుకాలో నిస్సాన్ షతాయ్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. 1969లో తయారైన అమెరికా బండ్లు చాలా కొద్ది. ఓనర్ల చిట్టాల ప్రకారం సుమారు ఐదు వందలు. వాటిని అమెరికాలో 1970 మోడళ్ళుగానే అమ్మారు.

పేపర్లలో 1971 అని ఉంది, పలక మీద 1970 అని ఉంది. ఏది నమ్మాలి?

తయారీకి పలకనే నమ్మండి. అమెరికాలో ఆ రోజుల్లో చాలా చోట్ల బండి అమ్ముడుపోయిన సంవత్సరాన్నే టైటిల్ (బండి ఎవరిదో చెప్పే ప్రభుత్వ కాగితం) మీద రాసేవారు. 1970 చివర్లో తయారై, ఓడెక్కి వచ్చి, షోరూమ్‌లో కొన్నాళ్ళు ఉండి 1971లో అమ్ముడైతే కాగితాల్లో అది 1971 బండి. ఇందులో మోసం లేదు. మీరు చిట్టాలో నమోదు చేసేటప్పుడు మాత్రం రెండూ రాయండి, ఏది ఎక్కడ నుంచి తీసుకున్నారో పక్కన రాయండి.

సీరీస్ 1 అని అమ్ముతున్నారు. ఎలా తెలుసుకోవాలి?

సీరీస్ 1, 2 అనేవి ఓనర్లు పెట్టుకున్న పేర్లు. బయట నుంచి చూడగానే తెలిసే తేడా వెనక వైపు ఉంది. తొలి బండ్లకు డిక్కీ తలుపు మీద గాలి బయటికి పోయే రెండు అడ్డ గ్రిల్లులు ఉంటాయి. పక్క అద్దాల వెనకున్న పిల్లర్ మీద 240జెడ్ అనే అక్షరాలు ఉంటాయి. 1971 మొదట్లో డిక్కీ గ్రిల్లులు తీసేసి, గాలి దారిని పిల్లర్‌లోకి మార్చి, దాని మీద జెడ్ అనే గుండ్రటి బిళ్ళ పెట్టారు. వెనక అద్దంలో డీఫాగర్ (మంచు తుడిచే వేడి తీగలు) గీతలు తొలి బండ్లకు నిలువుగా, తర్వాతి వాటికి అడ్డంగా ఉంటాయి.

ఇంజిన్ హెడ్ మీద పోతలో ఈ31 అని ఉంటే తొలి కాలపుది. ఒకటి గుర్తుంచుకోండి, హెడ్లు మార్చడం యాభై ఏళ్ళుగా మామూలే. ఈ31 హెడ్ మీద రేసింగ్ వాళ్ళకు మోజు ఎక్కువ, అందుకని తర్వాతి బండ్లలోకి కూడా ఎక్కించారు. కార్బురేటర్ల సంగతీ అంతే. 1973లో వచ్చిన చదును మూత కార్బురేటర్లు ఇబ్బంది పెడుతున్నాయని ఎంతోమంది పాత గుండ్రటి మూతవి కొని బిగించుకున్నారు. బోల్టులతో ఊడొచ్చే దేన్నీ ఒంటరి సాక్ష్యంగా తీసుకోవద్దు. డిక్కీ తలుపు కూడా ఊడొచ్చేదే! పిల్లర్ మాత్రం బాడీలో భాగం. అందుకే నేను ముందు పిల్లర్ లోపలి వైపు చూస్తాను, టింకరింగ్ చేసి గాలి రంధ్రాలు మూసిన గుర్తులు ఉన్నాయేమోనని.

సీటు బెల్టుల మీద కుట్టిన చీటీలో నెల, సంవత్సరం ఉంటాయి. బండి తేదీకి రెండు మూడు నెలల ముందు తేదీ ఉంటే చాలా సంతోషించాల్సిన విషయం.

పలక రివెట్లు కొత్తగా మెరుస్తున్నాయి. వదిలేయాలా?

వెంటనే వదిలేయనక్కర్లేదు, వెంటనే డబ్బూ కట్టొద్దు. పెయింటింగ్ చేసేటప్పుడు పలకలు ఊడదీసి మళ్ళీ బిగించిన షాపులు ఉన్నాయి. ఒరిజినల్ లాంటి కొత్త పలకలు అచ్చు వేయించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) పలక మార్చడం, చెరపడం ఫెడరల్ నేరం. ఓనరుకు తెలియకుండా ఎప్పుడో ఎవరో చేసినా టెన్షన్ ఇప్పటి ఓనరుకే.

నాలుగేళ్ళ క్రితం ఒక బండి చూడటానికి ఆరు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళాను. డ్యాష్ పలక మీద నంబరు మూడంకెల్లో ఉంది, అమ్మే ఆయన ఫోన్లో పంపింది కూడా అదే. బానెట్ ఎత్తి ఫైర్‌వాల్ మీద చేయి పెడితే అచ్చు ఉండాల్సిన చోట రేకు నున్నగా ఉంది. మందంగా పుట్టీ, దాని మీద కొత్త పెయింటు. అయస్కాంతం అంటుకోలేదు. ఆయన అబద్ధం చెప్పాడని అనను, ఆయన కూడా ఎవరి దగ్గరో కొన్నవాడే. తిరుగు దారంతా చాలా బాధగా అనిపించింది. ఆ పుట్టీ కింద ఒరిజినల్ నంబరే ఉండొచ్చు. అయినా ఆ బండి పుట్టుకకు ఉన్న గట్టి సాక్ష్యాన్ని ఎవరో పెయింటు నునుపు కోసం కప్పేశారు. మీ బండికి టింకరింగ్ చేయించేటప్పుడు ఆ ఒక్క జానెడు రేకును ముట్టుకోవద్దని రాతపూర్వకంగా చెప్పండి.

పుట్టినప్పుడు ఏ రంగో నంబరు చెప్తుందా?

చెప్పదు. బానెట్ కింద పలక మీద కూడా రంగు ఉండదు. డ్యాష్‌బోర్డు అడుగున, లోపలి ప్యానెళ్ళ వెనక, స్టెప్నీ గుంతలో చూడండి. రంగు మార్చేవాళ్ళు అక్కడిదాకా వెళ్ళరు. అప్పటి రంగు కోడ్లలో 918 నారింజ, 904 తెలుపు.

జపాన్ నుంచి తెప్పించుకున్న బండి కాగితాలు ఎలా చదవాలి?

ముందు సంవత్సరం. పాత కాగితాల్లో షోవా (జపాన్ చక్రవర్తి పాలనను బట్టి లెక్కించే శకం) సంవత్సరం ఉంటుంది. దానికి 1925 కలపండి. షోవా 44 అంటే 1969, షోవా 45 అంటే 1970. దాని తర్వాతి శకం హెయిసెయ్ అని ఉంటే 1988 కలపండి.

"షాదాయ్ బంగో" అన్న గడిలో ఉన్నది ఛాసిస్ నంబరు. "షోదో తోరోకు నెంగెత్సు" అంటే తొలి రిజిస్ట్రేషన్ నెల, సంవత్సరం. దీన్ని తయారీ తేదీ అనుకోవద్దు. అమెరికాలో తిరిగి తిరిగి 1990ల్లో జపాన్ చేరిన ఎడమ స్టీరింగ్ 240జెడ్‌లు ఉన్నాయి. వాటి కాగితంలో ఉండేది జపాన్‌లో తొలిసారి నమోదైన తేదీ. ఇంకొకటి, ఇంజిన్ గడిలో ఉండేది ఇంజిన్ రకం మాత్రమే, ఎల్20 లేదా ఎస్20 అని. ఇంజిన్ వరస నంబరు అందులో ఉండదు. కాబట్టి జపాన్ కాగితం చూపించి ఎవరైనా "మ్యాచింగ్ నంబర్స్ రుజువు" అంటే, అది రుజువు కాదు.

స్కైలైన్ జీటీ-ఆర్ డూప్లికేట్‌ను నంబరుతో పట్టుకోవచ్చా?

చాలావరకు పట్టుకోవచ్చు, కోడ్ అంత స్పష్టంగా ఉంది కాబట్టి. 1969 ఫిబ్రవరిలో వచ్చిన నాలుగు డోర్ల జీటీ-ఆర్ పీజీసీ10. 1970 అక్టోబరులో వచ్చిన రెండు డోర్ల హార్డ్‌టాప్ కేపీజీసీ10. 1973లో 197 మాత్రమే చేసిన తర్వాతి తరం కేపీజీసీ110. మామూలు స్కైలైన్ 2000జీటీ హార్డ్‌టాప్‌ది కేజీసీ10, పీ ఉండదు. వెనక ఫెండర్ కోసి, బ్యాడ్జీలు పెట్టి, ఎస్20 ఇంజిన్ కూడా సంపాదించి బిగించినా ఛాసిస్ మీద ఆ ఒక్క అక్షరం రాదు. అలా చేసిన బండి తప్పేమీ కాదు, ఎంతో ప్రేమగా చేసినవి ఉన్నాయి. జీటీ-ఆర్ అని చెప్పి అమ్మితేనే తప్పు.

టయోటా 2000జీటీ, మాజ్డా కాస్మోల చరిత్ర తేలికా?

సంఖ్య తక్కువ కాబట్టి కొంత తేలిక. 2000జీటీని 1967 నుంచి 1970 దాకా టయోటా కోసం యమహా తయారుచేసింది. ప్రోటోటైపులు, ప్రత్యేక బండ్లు కలిపి 351. ఇంత తక్కువ ఉంటే ఒక్కో నంబరు కథ విడివిడిగా చెప్పుకోవచ్చు. వరస ఎంఎఫ్10-10001తో మొదలైంది. ఆ మొదటి నంబరు బండిని ఏ మ్యూజియంలోనో దాచిపెట్టారనుకుంటాం. అది అమెరికాలో రేసు బండ్లు తయారుచేసే కారోల్ షెల్బీ టీమ్ చేతికి వెళ్ళి 1968లో రేసు బండి అయింది. 2022 మార్చిలో వేలంలో 25,35,000 డాలర్లు పలికింది. మొదటి నంబరంటే ఎక్కడో భద్రంగా ఉన్నదని కాదు. ఫ్యాక్టరీ వాళ్ళకు తొలి బండ్లు పనికోసం ఉన్నవి. పరీక్షలకు, షోలకు, రేసులకు పంపేశారు.

మాజ్డా కాస్మో స్పోర్ట్‌లో నంబరు కన్నా కొలతే ముందు మాట్లాడుతుంది. 1967లో మొదలైన ఎల్10ఏ 343 బండ్లు, 1968 జులై నుంచి 1972 దాకా ఎల్10బీ 833. మొదటిదాని వీల్‌బేస్ 2200 మి.మీ., రెండోదానిది 2350. టేపు పెట్టి కొలిస్తే చాలు, ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా.

చిన్న నంబరుకు ఎక్కువ ధర ఇవ్వొచ్చా?

ఇచ్చేవాళ్ళు ఉన్నారు. నేనైతే ఒరిజినల్‌గా మిగిలిన బండికే ఇస్తాను. 2020 జనవరిలో ఒక 240జెడ్ ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లకు పోయింది. అది 1971 మోడల్, తొలి వందల్లోది కాదు. తుప్పు తిన్న మూడంకెల బండిని నిలబెట్టడానికి అయ్యే ఖర్చు చాలామంది ఊహకు అందదు.

నేను కొత్తగా మొదలుపెడుతున్నాను. నా బండి వివరాలు ఎలా రాసి పెట్టుకోవాలి?

ఒక నోటు పుస్తకం కొనండి. నాలుగు చోట్ల నంబర్లు, ఇంజిన్ నంబరు, పలక మీద నెల, టైటిల్ మీద సంవత్సరం విడివిడిగా రాయండి. తేడాలుంటే సరిదిద్దొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి. పక్కన మీరు కళ్ళారా చూశారా, అమ్మినాయన చెప్పాడా, ఫోటోలో చూశారా అన్నది రాయండి. "చెప్పాడు" అన్నది "చూశాను"గా మారిపోవడం వల్లే ఈ బండ్ల చరిత్రలో సగం తప్పులు వచ్చాయి.

పాత ఓనర్లను కలవగలిగితే త్వరగా కలవండి. 1970లో ఇరవై అయిదేళ్ళ వయసులో ఈ బండి కొన్నవాళ్ళకు ఇప్పుడు ఎనభై దాటాయి. నిస్సాన్ అమెరికా శాఖను నడిపి, అక్కడ ఈ బండిని నిలబెట్టిన కతయామా గారు 2015లో, 105 ఏళ్ళకు కన్నుమూశారు. షోరూమ్ రసీదు, సర్వీసు పుస్తకం, బండి పక్కన పిల్లల్ని నిలబెట్టి తీసిన ఫోటో, ఇవన్నీ వాళ్ళ అటకల మీదే ఉన్నాయి. ఆ ఫోటో అడగండి. వెనక గ్రిల్లులు, నంబర్ ప్లేటు, చక్రాల మూతలు అందులో కనబడతాయి. ఫోటో వెనక్కి తిప్పి చూడండి, ఆ రోజుల్లో చాలామంది తేదీ అక్కడే రాసేవారు.